తల కాదు, తలమీద ఉన్నది చూడండి: ఈజిప్ట్ దేవతలతో తొలి పరిచయం

డేగ తల, మనిషి ఒళ్లు. ఈజిప్ట్ గుడి గోడమీద ఇలాంటి బొమ్మ కనిపిస్తే కొత్తవాళ్లు చటుక్కున 'హోరస్' అనేస్తారు. కావచ్చు. తలమీద రెండు రాజ్యాల జంట కిరీటం ఉంటే హోరసే. ఎర్రటి సూర్యబింబం, దాన్ని చుట్టుకున్న నాగుపాము ఉంటే రా. నెలవంక ఒడిలో పున్నమి చందమామ కూర్చున్నట్టుంటే ఖోన్సు. సూర్యబింబం మీద రెండు పొడవాటి ఈకలు నిటారుగా నిలబడి ఉంటే యుద్ధదేవుడు మోంతు. ఒళ్లంతా మమ్మీలా గుడ్డతో చుట్టి ఉంటే సొకర్ అయ్యే అవకాశం ఎక్కువ. తల ఒక్కటే, దేవుళ్లు ఐదుగురు.

కొత్తవాళ్లు ఈ మతం దగ్గర తడబడడానికి కారణం జాబితాలు. రా అంటే సూర్యుడు, థోత్ అంటే చదువు, అనూబిస్ అంటే చావు అని మంత్రులకు శాఖలు పంచినట్టు పంచేస్తే కొద్దిసేపటికే అంతా కలగాపులగమవుతుంది. ఈజిప్షియన్లు తమ దేవతలను అలా పంచుకోలేదు. పేరు తెలిసిన దేవతలే వెయ్యికి పైగా ఉన్నారు. సూర్యుడు పొద్దున ఖెప్రి, మధ్యాహ్నం రా, సాయంత్రం ఆతుమ్. హాథోర్ ఒక్కతే ప్రేమకు, సంగీతానికి, తాగిన మైకానికి, సినాయ్ కొండల్లోని టర్కాయిస్ రాళ్ల గనులకు, చనిపోయినవాళ్లు చేరే పడమటి దిక్కుకు దేవత. అందుకే 'ఈ దేవుడు దేనికి?' అని అడిగితే సరైన జవాబు దొరకదు. ఏ ఊళ్లో, ఏ కాలంలో, ఏ పని చేస్తున్నప్పుడు అని అడగాలి.

వాళ్ల భాషలో దేవుడికి మాట 'నెచెర్'. గుడ్డ చుట్టిన కర్ర దానికి రాతగుర్తు. ఈ మాట రాజుకూ వాడారు, చనిపోయి పరలోకంలో స్థానం పొందినవాళ్లకూ వాడారు. మన 'దేవుడు' అన్న మాటకన్నా దాని పరిధి కాస్త పెద్దది.

బొమ్మను చదివే పద్ధతి

ముందుగా ఒక అపోహ తీసేయాలి. అనూబిస్ నిజంగా నక్క తలతో తిరుగుతాడని ఈజిప్షియన్లు నమ్మారనుకోవడం పొరపాటు. జంతువు తల రూపచిత్రం కాదు, స్వభావం చెప్పే గుర్తు. శ్మశానాల చుట్టూ తిరిగే నక్కనే శవాలకు కాపలాదారును చేశారు. థోత్‌కు వంకర ముక్కు ఐబిస్ పక్షి తల ఉంటుంది, అదే థోత్ మరోచోట కోతిగా కూర్చుంటాడు. హాథోర్ ఒక గోడమీద నిండు ఆవు, ఇంకో గోడమీద ఆవు కొమ్ములున్న స్త్రీ, స్తంభం పైభాగంలో ఆవు చెవులున్న ఆడమొహం. ఇక ఆమున్ పేరుకు అర్థమే 'దాగినవాడు'. ఏ బొమ్మా అతని అసలు రూపం కాదని భక్తులకూ తెలుసు.

కాబట్టి బొమ్మ ఎదురైతే మొదట వెతకవలసింది రాత. దేవత మొహానికి ఎదురుగానో తలకు పైనో పేరు చెక్కి ఉంటుంది. ఆ అక్షరాల్లోని పక్షులు, మనుషులు ఎటు చూస్తున్నారో గమనించండి. బొమ్మ ఎటు చూస్తుంటే దానికి చెందిన అక్షరాలూ అటే చూస్తాయి. ఇద్దరు దేవతలు ఎదురెదురుగా నిలబడిన చోట ఏ పేరు ఎవరిదో తేల్చేది ఇదే. రెండోది తలమీది గుర్తు. ఐసిస్ తలమీద సింహాసనం, నెఫ్తిస్ తలమీద ఇల్లు, దానిపై బుట్ట, లోకక్రమానికి దేవత అయిన మాఆత్ తలమీద ఒక్క ఈక. ఐసిస్, నెఫ్తిస్‌ల తలలమీద ఉన్నవి అలంకారాలు కావు, వాళ్ల పేర్లు రాసే అక్షరాలే.

చేతిలో ఉన్నదాన్ని మాత్రం అంతగా నమ్మకూడదు. పిడి ఉన్న శిలువలాంటి అంఖ్ అంటే ప్రాణం. దాన్ని దాదాపు అందరూ పట్టుకుంటారు. రంగు కొంత ఉపయోగం. చనిపోయి పరలోకానికి రాజైన ఒసైరిస్ ఒళ్లు ఆకుపచ్చగానో నల్లగానో ఉంటుంది. ఒకటి మొలక రంగు, రెండోది నైలు ఒండ్రుమట్టి రంగు.

పొట్టేలు తలలో ఒక చక్కటి చిక్కుంది. కొమ్ములు అడ్డంగా, మెలికలు తిరుగుతూ పక్కలకు సాగితే ఖ్నూమ్, కుమ్మరి చక్రంమీద మనుషులను చేసే దేవుడు. చెవి చుట్టూ కిందికి వంగితే ఆమున్. ఇవి రెండు వేర్వేరు గొర్రె జాతులు. అడ్డకొమ్ముల జాతి పాతది, వంకర కొమ్ములది తర్వాత వచ్చింది. ఆమున్ పెద్ద దేవుడయ్యేసరికి కొత్త జాతి వచ్చేసింది.

ఇన్ని తెలిసినా ఒకచోట మోసపోతాం. ఆవు కొమ్ముల మధ్య సూర్యబింబం పెట్టుకున్న స్త్రీ మొదట హాథోరే. కొత్త రాజ్యం అనే కాలం (సుమారు క్రీ.పూ. 1550–1070) నుంచి ఐసిస్ కూడా అదే కిరీటం పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఇక పేరు చదవడం తప్ప దారి లేదు.

పేర్ల సంగతి

మనం వాడే పేర్లలో చాలావరకు గ్రీకులవి. ఐసిస్ అసలు పేరు అసెత్, ఒసైరిస్ ఉసిర్, హోరస్ హేరు, థోత్ జెహూతి, అనూబిస్ ఇన్‌పు. నెఫ్తిస్ అసలు నెబెత్‌హుత్, 'ఇంటి యజమానురాలు' అని అర్థం. హాథోర్ పేరుకు 'హోరస్ ఇల్లు' అని అర్థం. ఆ రాతలో అచ్చులు రాయరు. ఆమున్ పేరులో కనిపించేది 'య్-మ్-న్' మాత్రమే. అందుకే ఒకచోట ఆమున్, ఒకచోట ఆమోన్, ఇంకోచోట ఆమెన్ అని రాస్తారు. మూడూ ఒకరే. ఉచ్చారణను తర్వాతి కాలపు కాప్టిక్ భాష సాయంతో ఊహించి కట్టినవే ఇవన్నీ.

ఉచ్చారణ దగ్గరగా ఉండి వేర్వేరు అయినవీ ఉన్నాయి. నైలు వరదకు రూపం హాపి, బానపొట్ట, వేలాడే రొమ్ములు. హోరస్ నలుగురు కొడుకుల్లో ఒకడి పేరు కూడా హాపియే. రాత వేరు, పని వేరు. ఈ నలుగురూ శవంలోంచి తీసిన అవయవాలకు కాపలా. మనిషి తల ఇమ్సెతి కాలేయాన్ని, కోతి తల హాపి ఊపిరితిత్తులను, నక్క తల దువామూతెఫ్ జీర్ణాశయాన్ని, డేగ తల కెబెహ్‌సెనూఫ్ పేగులను కాస్తారు. గుండెను మాత్రం ఒంట్లోనే ఉంచేవారు, దానితో పరలోకంలో పని ఉంది. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో ఈజిప్ట్ మమ్మీని చూడబోయేవాళ్లు ఈ నాలుగు పేర్లు గుర్తుపెట్టుకుని వెళితే బాగుంటుంది.

ఊరు మారితే సృష్టి మారుతుంది

దేశం 42 జిల్లాలు, ఎగువ ఈజిప్ట్‌లో 22, దిగువన 20. ప్రతి ముఖ్య పట్టణానికీ తన దేవుడున్నాడు, ఆ దేవుడి గుడివాళ్లు చెప్పే సృష్టికథ ఉంది.

ఇప్పటి కైరో పక్కనున్న హీలియోపొలిస్‌లో కథ ఇది. మొదట నూన్ అనే చీకటి నీళ్లు. అందులోంచి తనంతట తానే పుట్టిన ఆతుమ్. అతని నుంచి గాలి అయిన షూ, తెఫ్నుత్ వచ్చారు. వాళ్లకు గెబ్, నూత్. వీళ్లకు ఒసైరిస్, ఐసిస్, సేత్, నెఫ్తిస్. ఆతుమ్‌తో కలిపి తొమ్మిదిమంది. భూమిని తల్లి అనుకునే మనకు ఇక్కడ ఒక తిరకాసు ఎదురవుతుంది. గెబ్ భూమి, మగవాడు, కింద పడుకుని ఉంటాడు. నూత్ ఆకాశం, ఆడది, చేతులూ కాళ్లూ నేలకు ఆనించి అతనిమీద వంగి ఉంటుంది. ఈజిప్షియన్ భాషలో నేల అన్న మాట పుంలింగం, ఆకాశం అన్న మాట స్త్రీలింగం. పైగా అక్కడ పంటకు నీళ్లు వాన నుంచి కాదు, నేలమీద పారే నది నుంచి వస్తాయి.

హెర్మొపొలిస్‌లో తొమ్మిది కాదు, ఎనిమిది. ఆ ఊరి ఈజిప్షియన్ పేరు ఖ్మూన్‌కు అర్థమే 'ఎనిమిది'. కప్ప తలల నలుగురు మగ దేవతలు, పాము తలల నలుగురు ఆడ దేవతలు. నీళ్లు, అనంతం, చీకటి, దాగినతనం అనే నాలుగు జంటలు. మెంఫిస్‌లో ప్తాహ్ దేవుడు గుండెలో అనుకుని నాలుకతో పలికితే లోకం పుట్టింది. ఈ మెంఫిస్ కథ మనకు దక్కింది షబాకా రాజు క్రీ.పూ. 8వ శతాబ్దం చివరలో ఒక నల్లరాయిమీద చెక్కించడం వల్ల. ఆ రాయి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. తర్వాతి కాలంవాళ్లు దాన్ని తిరగలిలా వాడడంతో మధ్యలో గుంట పడి, చుట్టూ అక్షరాలు అరిగిపోయాయి. అక్కడ ఏం పోయిందో ఎప్పటికీ తెలియదు.

ఈ మూడింట్లో ఏది అసలుది అని అడగడం వృథా. ఏ ఒక్కటీ రెండోదాన్ని అబద్ధం అనదు. మెంఫిస్ కథ ఆతుమ్‌ను కొట్టిపారేయకుండా ప్తాహ్ చేతికింద పెట్టుకుంది. ఎనిమిదిమందిలో ఒకడైన ఆమున్ థీబ్స్ నగరంలో దేవతల రాజయ్యాడు, ముత్‌ను భార్యగా, ఖోన్సును కొడుకుగా చేసుకుని కుటుంబం కట్టాడు. మెంఫిస్‌లో ప్తాహ్, సెఖ్మెత్, నెఫెర్తెమ్ అలాగే ఒక కుటుంబం.

దేవతలు కలిసిపోవడమూ ఇలాంటిదే. ఆమున్-రా అంటే ఇద్దరిలో ఒకరు మాయమవడం కాదు. దాగినవాడు సూర్యుడిలో కనిపిస్తున్నాడని అర్థం. పక్కనే ఆమున్‌కు వేరుగా, రాకు వేరుగా నైవేద్యాలు సాగుతూనే ఉంటాయి. నెఫెర్తారి రాణి సమాధిలో ఒక బొమ్మ దీన్ని అద్భుతంగా చెబుతుంది. ఒళ్లు ఒసైరిస్‌లా మమ్మీ, తల సూర్యుడి రాత్రిరూపమైన పొట్టేలు, అటు ఐసిస్, ఇటు నెఫ్తిస్. పక్కన రాత: ఒసైరిస్‌లో విశ్రమించే రా, రాలో విశ్రమించే ఒసైరిస్. రాత్రి 12 గంటల ప్రయాణంలో సూర్యుడు ఆ శవంతో కలిసి బలం తెచ్చుకుంటాడు, తెల్లవారితే విడిపోతారు.

దీనికి ఎదురు నిలిచింది అఖెనాతెన్ అనే రాజు ఒక్కడే. క్రీ.పూ. 14వ శతాబ్దంలో సూర్యబింబం ఆతెన్‌ను మాత్రమే ఉంచి, ఆమున్ పేరును గోడలమీంచి ఉలితో చెక్కించేశాడు. అతను పోయాక కొద్ది ఏళ్లకే బాలరాజు తూతన్‌ఖాతెన్ తూతన్‌ఖామున్ అయ్యాడు.

కోపం వచ్చినప్పుడు వేరే పేరు

మనుషులు తిరగబడ్డారని రా తన కన్నును హాథోర్‌గా కిందికి పంపాడు. ఆమె చంపడం మొదలుపెట్టి సెఖ్మెత్ అయింది, 'బలమైనది'. రక్తం రుచి మరిగి ఆగలేదు. చివరికి 7,000 కుండల బీరులో ఎర్రమట్టి రంగు కలిపి పొలాల్లో పోయించారు. రక్తమనుకుని తాగి, మత్తెక్కి, ఎందుకు వచ్చిందో మరచిపోయింది. 'హాథోర్ మంచిది, సెఖ్మెత్ చెడ్డది' అని రాసుకుంటే ఈ కథ చేజారిపోతుంది. అంటురోగాలు పంపేది సెఖ్మెత్, నయం చేసేదీ ఆమే, ఆమె పూజారుల్లో వైద్యులుండేవారు. మూడో ఆమెన్‌హోతెప్ ఆమె విగ్రహాలను వందల సంఖ్యలో చెక్కించాడు. శాంతపరచవలసిన శక్తి కాబట్టే అన్ని.

సేత్ విషయంలో పొరపాటు ఇంకా పెద్దది. అన్న ఒసైరిస్‌ను చంపాడు కాబట్టి అతన్ని సైతానులా చూపిస్తుంటారు. ఒసైరిస్ కథ మొత్తంగా ఒకేచోట మనకు దొరికేది గ్రీకు రచయిత ప్లుటార్క్ దగ్గర, క్రీ.శ. 2వ శతాబ్దం ప్రాంతంలో. శరీరాన్ని 14 ముక్కలు చేశాడన్న లెక్క ఆయనదే. ఈజిప్షియన్ మూలాలు అంతకు 2,000 ఏళ్లకు పైగా పాతవి. క్రీ.పూ. 2350 ప్రాంతపు ఉనాస్ పిరమిడ్ లోపలి గోడలమీద ఆ కథ గురించి సూచనలున్నాయి, కథనం లేదు. అందరికీ తెలిసినదాన్ని పూర్తిగా చెప్పే అవసరం వాళ్లకు రాలేదు, చావును రాతలో పెట్టడానికి జంకూ ఉంది.

అదే సేత్ ప్రతి రాత్రీ సూర్యుడి పడవ ముందు నిలబడి అపెప్ అనే మహాసర్పాన్ని ఈటెతో పొడుస్తాడు. ఆ పని ఇంకెవరివల్లా కాదు. ఎడారి, తుపాను, పరదేశాలు అతనివి. ఆ ప్రచండ బలం ఇంట్లో వినాశనం, సరిహద్దులో రక్షణ. రాజులు అతని పేరు కూడా పెట్టుకున్నారు. సేతి అంటే 'సేత్‌కు చెందినవాడు'. ఆ మొదటి సేతి క్రీ.పూ. 13వ శతాబ్దంలో ఒసైరిస్ క్షేత్రమైన అబిడోస్‌లో గుడి కట్టించినప్పుడు ఇబ్బంది వచ్చింది. హతుడి గుడిలో హంతకుడి బొమ్మ ఎలా చెక్కాలి? రాజు పేరులో సేత్ జంతువు ఉండవలసిన చోట వేరే గుర్తులు పెట్టారు.

గుడి లోపల, గుడి బయట

ఆ అబిడోస్ గుడి గోడలమీదే నిత్యపూజ క్రమం చెక్కి ఉంది. తెల్లవారుజామున పూజారి స్నానం చేసి, ధూపం వెలిగించి గర్భగుడికి వస్తాడు. రాత్రి వేసిన మట్టి ముద్ర పగలగొడతాడు. గడియ లాగుతాడు. ఆ గడియను 'సేత్ వేలు' అంటారు, దాన్ని లాగడమంటే హోరస్ కంట్లోంచి సేత్ వేలు తీయడం. తలుపులు తెరిచి నేలమీద సాగిలపడతాడు. మాఆత్ చిన్న బొమ్మను, అంటే లోకం క్రమంలో ఉందన్న మాటను సమర్పిస్తాడు. పాత బట్టలు తీసి, నీళ్లతో, నేట్రాన్ ఉప్పుతో శుద్ధి చేసి, రంగురంగుల కొత్త వస్త్రాలు చుట్టి, చిటికెన వేలితో పరిమళ తైలం పూస్తాడు. రొట్టె, మాంసం, బీరు నైవేద్యం పెడతాడు. తలుపులు మూసి, ముద్ర వేసి, తన అడుగుజాడలు చీపురుతో తుడుచుకుంటూ వెనక్కి వస్తాడు. నైవేద్యం తర్వాత చిన్న దేవతలకు, ఆపైన పూజారులకు చేరుతుంది. అదే వాళ్ల జీతం.

మన గుళ్లు తెలిసినవారికి ఇది చాలా దగ్గరగా అనిపిస్తుంది. కానీ ఒక పెద్ద తేడా ఉంది. భక్తులకు దర్శనం లేదు. మామూలు జనం గర్భగుడి వైపు అడుగుపెట్టరు. సిద్ధాంతంలో పూజ చేసేది రాజొక్కడే, పూజారి అతని బదులు. గోడలమీద ఎక్కడ చూసినా నైవేద్యం పట్టుకున్నది రాజే కావడానికి కారణం అదే. పూజారుల్లో చాలామందిది పూర్తికాలపు పని కూడా కాదు. నాలుగు వంతులుగా విడిపోయి, నెల పనిచేసి మూడు నెలలు ఇంటిపని చూసుకునేవారు. వంతులో ఉన్నన్నాళ్లూ ఒళ్లంతా క్షవరం, నార బట్టలు, శౌచం.

జనానికి దేవుడు దొరికేది ఉత్సవాల్లో. ఓపెత్ పండుగకు ఆమున్ విగ్రహం పడవ ఆకారపు పల్లకీలో కార్నాక్ నుంచి లక్సర్ గుడికి సుమారు 3 కిలోమీటర్లు ఊరేగేది. మూడో తుత్‌మోస్ కాలంలో 11 రోజుల పండుగ, మూడో రామ్సెస్ చివరి ఏళ్లకు 27 రోజులైంది. విగ్రహం అప్పుడూ పరదా వెనకే. అయినా ఆ పడవను ప్రశ్న అడగొచ్చు. మోసేవాళ్లు ముందుకు కదిలితే అవును, వెనక్కి జరిగితే కాదు. దొంగతనాల తగవులు కూడా ఇలా తీర్చుకున్నారు.

మిగతా రోజుల్లో జనం పెద్ద గుడి వెనక గోడ దగ్గరికి వెళ్లేవారు. దేవుడు వినాలని చెవులు చెక్కిన చిన్న రాతి పలకలు పెట్టేవారు. రాజుల సమాధులు తవ్విన కూలీల ఊరు దేయిర్ ఎల్-మదీనాలో ఇవి చాలా దొరికాయి. అక్కడి నెఫెరాబు అనే పనివాడు ప్తాహ్ మీద అబద్ధపు ఒట్టు వేశానని, పట్టపగలే చీకటి చూపించాడని పలకమీద చెక్కించుకుని క్షమాపణ వేడుకున్నాడు. ఆ ఊరికి ఎదురుగా ఉన్న కొండ శిఖరమే వాళ్లకు మెరెత్‌సెగెర్ అనే నాగదేవత. ఇళ్లలో ఆమున్ కన్నా బెస్, తవెరెత్ ముఖ్యం. బెస్ మరుగుజ్జు, సింహపు జూలు, నాలుక బయటపెట్టి ఎదురుగా చూస్తాడు. తవెరెత్ నిండు గర్భిణి అయిన నీటిగుర్రం. ఇద్దరూ పురిటి మంచాన్ని, పసిపిల్లలను కాపాడతారు. తల్లీబిడ్డల ప్రాణాలు ఎప్పుడు పోతాయో తెలియని కాలంలో రోజూ పిలుచుకునేది వీళ్లనే.

జంతువుల గురించి ఒక మాట. ప్రతి ఎద్దూ దేవుడు కాదు. ప్తాహ్‌కు ప్రతినిధి అయిన అపిస్ ఎద్దు ఒక సమయంలో ఒక్కటే, ప్రత్యేకమైన మచ్చలు చూసి ఎంచేవారు. చనిపోతే సక్కారాలో రాతి పెట్టెల్లో ఖననం. ఫ్రెంచ్ పురావస్తు పరిశోధకుడు ఓగుస్త్ మారియెత్ 1851లో ఆ సొరంగాల్లోకి వెళ్లాడు. లక్షల్లో దొరికే పిల్లుల, ఐబిస్‌ల మమ్మీలు వేరే సంగతి. అవి భక్తులు కొని సమర్పించిన మొక్కుబళ్లు, ఎక్కువగా చివరి శతాబ్దాలవి. మాంచెస్టర్ పరిశోధకులు 800కు పైగా జంతు మమ్మీలను స్కాన్ చేస్తే దాదాపు మూడో వంతులో జంతు అవశేషాలే లేవు. మోసమని తేల్చేయనక్కర్లేదు. గూటి పుల్లలు, ఈకలు, గుడ్డు పెంకులు చుట్టినా అది పవిత్రమే అనుకుని ఉండొచ్చు.

ఒక్క బొమ్మతో సాధన

నేర్చుకున్నది పరీక్షించుకోవడానికి బ్రిటిష్ మ్యూజియంలోని ఆని పపైరస్ సరైనది. క్రీ.పూ. 1250 ప్రాంతపు ఈ చుట్టలో, ఎడమ నుంచి ఆని అనే రాతగాడు భార్య తూతుతో వంగి నడిచి వస్తున్నాడు. మధ్యలో త్రాసు, ఒక పళ్లెంలో చిన్న కుండలా గుండె, రెండోదాంట్లో మాఆత్ ఈక. నక్క తలతో మోకరిల్లి తూకం సరిచూస్తున్నది అనూబిస్. త్రాసు కొనమీద కూర్చున్న కోతీ, పక్కన రాసుకుంటున్న ఐబిస్ తలవాడూ ఇద్దరూ థోత్ రూపాలే. వెనక మొసలి తల, సింహం ముందుభాగం, నీటిగుర్రం వెనకభాగంతో అమ్మిత్ కాచుకుని ఉంది. గుండె బరువెక్కితే తినేస్తుంది, ఇక ఆ మనిషికి ఉనికి లేదు.

తర్వాతి దృశ్యంలో జంట కిరీటం పెట్టుకున్న డేగ తలవాడు ఆని చెయ్యి పట్టుకుని ఆకుపచ్చ మొహమున్న రాజు దగ్గరికి తీసుకెళ్తాడు. వాళ్లెవరో ఇప్పుడు మీకు తెలుసు. సింహాసనం వెనక ఇద్దరు స్త్రీలు, తలలమీది అక్షరాలే వాళ్ల పేర్లు. ముందు కలువపువ్వు మీద నలుగురు చిన్నవాళ్లు, కాలేయం నుంచి పేగుల దాకా కాసేవాళ్లు.

మళ్లీ త్రాసు దృశ్యానికి రండి. పైన సాక్షులుగా దేవతలు వరుసగా కూర్చున్నారు. రా-హొరఖ్తి, ఆతుమ్, షూ, తెఫ్నుత్, గెబ్, నూత్, ఒకే ఆసనంమీద ఐసిస్, నెఫ్తిస్, ఆపైన హోరస్, హాథోర్, చివర మాటకు రూపమైన హూ, తెలివికి రూపమైన సియా. హీలియోపొలిస్ తొమ్మిదిమందినీ వేళ్లమీద లెక్కపెట్టి చూడండి. ఒసైరిస్ పక్క దృశ్యంలో న్యాయాధిపతిగా ఉన్నాడు. సేత్‌కు మాత్రం ఆసనం వేయలేదు.